ఇల్లు ఆడ, మనిషి ఈడ: పన్ను దెబ్బ ఎవలకు?

ఆస్ట్రేలియాల ఇల్లు గాని, జాగ గాని అమ్మేటోళ్లకు 2025 జనవరి 1 నుంచి కొత్త లెక్క నడుస్తున్నది. ఆ రోజు నుంచి రాసుకున్న అమ్మకం అగ్రిమెంటుకు ఒక్కటే రూలు. పన్ను లెక్కల ‘నేను ఈ దేశంల ఉండేటోన్నే’ అని అమ్మేటోడు సర్టిఫికెట్ చూపెట్టాలె. చూపెట్టకుంటే కొనేటోడు ధరల నుంచి 15 శాతం పట్టుకొని, అక్కడి పన్నుల ఆఫీసుకు కట్టాలె. లాభంల 15 శాతం కాదు, మొత్తం ధరల 15 శాతం. 10 లక్షల డాలర్ల ఇల్లైతే లక్షన్నర డాలర్లు అమ్మినోని చేతికి రాకుండనే పోతయి.

‘ఆస్ట్రేలియా ముచ్చట మనకెందుకు’ అనుకోకుండ్రి. 2021 జనాభా లెక్కల ప్రకారం ఆ దేశంల ఇంట్ల తెలుగు మాట్లాడేటోళ్లు 60 వేలకు అటూఇటూ ఉన్నరు. ఐదేండ్ల ముందు, 2016ల, 34 వేల పైచిలుకు ఉండిండ్రు. చదువుకు పోయి, నౌకరి పట్టి, బ్యాంకు లోన్ మీద ఇల్లు కొని, ఇగ అమ్మానాయినల కోసమో పిల్లల కోసమో మళ్లా ఇటు వద్దామా అని చూసేటోళ్లు వాళ్లల్ల శానామంది ఉంటరు. వాళ్ల జీవితకాలపు జమ మొత్తం ఆ ఒక్క ఇంట్లనే ఉంటది. అది ఎప్పుడు అమ్మాలె, యాడ ఉండి అమ్మాలె అన్న ఒక్క నిర్ణయం మీద 40 లక్షల రూపాయల తేడా వస్తది. ఎట్ల వస్తదో కింద లెక్కేసి చూపెడ్త.

నేను చెప్పదల్చుకున్న మాట ఇది. ఆస్తి అమ్మేటప్పుడు పన్నోడు మన పాస్‌పోర్టు రంగు చూస్తలేడు, మన కాలు ఏ నేల మీద ఉన్నదో చూస్తున్నడు. ‘విదేశీ పెట్టుబడిదారుల మీద కొరడా’ అని చెప్పి తెచ్చిన చట్టాలు, ఊరు విడిచి పోయి మళ్లా ఊరికి రాదల్చుకున్న మామూలు మనిషికి కూడ తగులుతున్నయి. ఆడనే కాదు, మన దేశంల కూడ తగులుతున్నయి.

పట్టుకునుడు వేరు, పన్ను వేరు

ముందుగాల ఒక పొరపాటు సాఫ్ చేసుకుందాం. ఆ 15 శాతం అసలు పన్ను కాదు. మన దగ్గర టీడీఎస్ లెక్కనే, ముందుగాల పట్టుకునుడు. ఏడాది అయినంక అమ్మినోడు రిటర్న్ వేస్తే, అసలు పన్ను ఎంతో తేల్చి, ఎక్కువ పట్టింది వాపస్ ఇస్తరు.

ఈ పద్ధతి అక్కడ 2016 జూలై 1న మొదలైంది. అప్పుడు 20 లక్షల డాలర్లు, ఆపై ధర ఉన్న ఆస్తులకే వర్తించేది, కోత 10 శాతం. అంటే పెద్ద పెద్ద బంగ్లాల ముచ్చట. 2017 జూలై 1 నుంచి 12.5 శాతం చేసిండ్రు, హద్దు 7 లక్షల 50 వేల డాలర్లకు దించిండ్రు. 2025 జనవరి 1 నుంచి 15 శాతం, హద్దు అసలే లేదు. చిన్న ఫ్లాటైనా, ఊరవతల ఖాళీ ప్లాటైనా లెక్కకు వస్తది. తొమ్మిదేండ్లు కాకముందే బంగ్లాల కోసం పెట్టిన రూలు అందరి వాకిట్లకు వచ్చింది.

అక్కడనే పుట్టి పెరిగినోడు అమ్మినా ఈ సర్టిఫికెట్ తెచ్చుకోవాలె. దాన్ని క్లియరెన్స్ సర్టిఫికెట్ అంటరు. ఫీజు లేదు, ఆన్‌లైన్ల అప్లై చేసుకోవచ్చు, ఒకసారి వస్తే 12 నెలలు చెల్లుతది. అయితే చేతికి రావడానికి 28 రోజుల దాకా పట్టొచ్చని పన్నుల శాఖనే చెప్తున్నది. పైసలు చేతులు మారే రోజుకు ఆ కాయితం కొనేటోనికి అందకుంటే, అమ్మేటోడు పక్కా నివాసి అయినా 15 శాతం కోత తప్పదు. కొనేటోడు మొహమాటానికి పోయి కోయకుంటే, అంత మొత్తం జరిమానగ ఆయన మీదనే పడతది. అందుకే ఎవ్వలూ మొహమాటపడరు.

ఈ పట్టుకునుడును నేను తప్పు పట్టను. ఇల్లు అమ్ముకొని విమానం ఎక్కినోని ఎనుక పడి పన్ను వసూలు చేసుడు ఏ సర్కారుకైనా కష్టమే. ముందే పట్టుకునుడు దాని పద్ధతి. మన దేశం కూడ అదే చేస్తది. చేతుల పైసలు కొన్ని నెలలు ఇరుక్కపోవుడు ఇబ్బందే గాని, అన్యాయం కాదు. అన్యాయం ఇంకో కాడ ఉన్నది, దాని గురించి మాట్లాడేటోళ్లు తక్కువ.

అసలు దెబ్బ: సొంతింటి మినహాయింపు

ఆస్ట్రేలియాల ఎవలైనా తాము ఉండే సొంతిల్లు అమ్ముకుంటే, వచ్చిన లాభం మీద మామూలుగ పన్ను ఉండదు. అక్కడి మధ్యతరగతికి ఇది పెద్ద ఆసరా. 2017 మే 9న, అప్పటి ఆర్థిక మంత్రి స్కాట్ మారిసన్ పెట్టిన బడ్జెట్‌ల ఒక మాట చెప్పిండ్రు: పన్ను లెక్కల విదేశీ నివాసి అయినోళ్లకు ఈ మినహాయింపు ఇగ లేదు. బిల్లు ఒకసారి ఎలక్షన్ల ముంగట మురిగిపోయింది, మళ్లా తెచ్చి 2019 డిసెంబర్‌ల చట్టం చేసిండ్రు. 2017 మే 9కి ముందే ఇల్లు ఉన్నోళ్లకు 2020 జూన్ 30 దాకా అమ్ముకునే గడువు ఇచ్చిండ్రు.

తేదీలు జర గుర్తు చేసుకోండ్రి. చట్టం 2019 డిసెంబర్‌ల, గడువు 2020 జూన్‌ల. నడుమల ఏమొచ్చింది? కరోనా. 2020 మార్చి 20న ఆస్ట్రేలియా తన సరిహద్దులు మూసింది. బయట ఉన్నోడు పోయి ఇల్లు చూసుకొని అమ్ముకునుడు మస్తు కష్టమైంది. అయినా గడువు గడువే.

ఇక్కడ ‘విదేశీ నివాసి’ అంటే ఎవలు? మనం అనుకున్నట్టు పరాయి పౌరుడు కాదు. ఆస్ట్రేలియా పౌరసత్వం తీసుకొని, ఆ పాస్‌పోర్టు జేబుల పెట్టుకొని, కరీంనగర్ల పక్కాగ సెటిలైనోడు కూడ ఆ చట్టం కండ్లకు విదేశీ నివాసే. ఇండియా పాస్‌పోర్టుతోని మెల్‌బోర్న్‌ల పీఆర్ మీద కాపురం ఉన్నోడు నివాసి. ఇల్లు, సంసారం, నౌకరి ఏ దేశంల పాతుకున్నయో చూసి తేలుస్తరు. అది కూడ ఏ రోజు స్థితి? అగ్రిమెంటు మీద సంతకం పెట్టిన రోజు స్థితి. పైసలు చేతులు మారిన రోజు కాదు.

ఇగ లెక్క చూద్దాం. ఇది సమజ్ కావడానికి నేను వేసిన లెక్క. ఒకాయన 2014 జూలైల 6 లక్షల డాలర్లకు ఇల్లు కొన్నడు. పదేండ్లు అండ్లనే ఉన్నడు, కిస్తీలు కట్టిండు. 2024 జూలైల తండ్రికి పాణం బాగలేదని సంసారంతోని ఊరికి వచ్చేసిండు. ఏడాదైనంక, 2025 జూలైల, ఈడ ఉండే 10 లక్షల డాలర్లకు అమ్మిండు. లాభం 4 లక్షలు. మిగతా ఖర్చులు పక్కన పెడదాం.

విమానం ఎక్కకముందు అమ్మి ఉంటే పన్ను సున్న.

ఏడాది ఆగి ఈడి నుంచి అమ్మినందుకు మినహాయింపు మొత్తం పోతది. ఆ ఒక్క ఏడాదికి కాదు, ఆయన ఆడ ఉన్న పదేండ్లకు కూడ పోతది. లాభం మీద ఇచ్చే 50 శాతం తగ్గింపు కూడ విదేశీ నివాసులకు 2012 మే 8 తర్వాతి కాలానికి బంద్ చేసిండ్రు. కాకపోతే నివాసిగ ఉన్న ఏండ్ల లెక్కన కొంత భాగం ఇస్తరు. ఈయన 11 ఏండ్లల్ల 10 ఏండ్లు నివాసి గదా, 45 శాతం చిల్లర తగ్గింపు వస్తది. మిగిలిన 2 లక్షల 18 వేల డాలర్ల మీద పన్ను. విదేశీ నివాసికి మొదటి డాలర్ నుంచే 30 శాతం, లక్ష 35 వేలు దాటితే 37, లక్ష 90 వేలు దాటితే 45. మొత్తం దాదాపు 73,500 డాలర్లు. డాలర్‌కు 55 రూపాయలు ఏసుకున్నా 40 లక్షల పైనే.

ఒక్క ఏడాది ఆలస్యానికి 40 లక్షలు. ఇది పన్నా, జరిమానానా?

లెక్క వాళ్లకు రాక కాదు

నా అభ్యంతరం ఇక్కడ ఉన్నది. పైన చూసిండ్రు గదా, 50 శాతం తగ్గింపుల అదే పార్లమెంటు ఏండ్ల లెక్క కట్టింది. నివాసిగ ఉన్నన్ని రోజులకు ఇచ్చింది, లేని రోజులకు కోసింది. గది సబబు. మరి సొంతింటి మినహాయింపు కాడికి వచ్చేసరికి ఆ లెక్క ఎటుపోయింది? ఇదే ఆయనకు 11 ఏండ్లల్ల ఒక్క ఏడాది లాభం మీదనే పన్ను ఏస్తే, 11 వేల డాలర్లు దాటదు. ఎవలూ కాదనరు, నేను కూడ కాదనను. 11 వేలు అడగాల్సిన కాడ 73 వేలు అడుగుడు దేనికి?

అక్కడి సర్కారు జవాబు కొట్టిపారేసేది కాదు. సిడ్నీల, మెల్‌బోర్న్‌ల సామాన్యుడు ఇల్లు కొనే స్థితి లేదు. అక్కడి యువతకు మస్తు కోపం ఉన్నది, ఆ కోపం నిజం. ఖాళీగ ఇండ్లు పెట్టుకొని ధర పెరిగేదాకా బయట కూసునేటోళ్లకు మినహాయింపు ఎందుకియ్యాలె అని అడుగుడు న్యాయమే. అందుకే కొనే కాడ కూడ బిగించిండ్రు. 2025 ఏప్రిల్ 1 నుంచి 2027 మార్చి 31 దాకా విదేశీయులు, టెంపరరీ వీసా మీద ఉన్నోళ్లతో సహా, పాత ఇండ్లు కొనకుండ బంద్ పెట్టిండ్రు. విక్టోరియాల బయట ఉండే ఓనర్ల భూమి మీద 2024 నుంచి ఏటా 4 శాతం అదనపు పన్ను ఉన్నది.

కానీ పదేండ్లు ఆ ఇంట్లనే ఉండి, అక్కడనే పన్నులు కట్టి, గల్లీల అందరికీ తెలిసినోడు పెట్టుబడి దొర ఎట్లైతడు? అసలు పెట్టుబడి దొరకు ఈ మినహాయింపు ముందు నుంచీ లేదు. ఆయన ఆ ఇంట్ల ఎన్నడూ ఉండలేదు గనుక. కాబట్టి ఈ చట్టం కొట్టింది ఆయనను కాదు. ఉండి, వెళ్లిపోయినోన్ని.

మినహాయింపుకు మినహాయింపు కూడ ఒకటి పెట్టిండ్రు. దేశం విడిచి ఆరేండ్లు దాటకుంటే, ఆ నడుమల తనకో, భార్యకో భర్తకో, 18 ఏండ్లలోపు పిల్లలకో నయం కాని జబ్బు వచ్చినా, భార్యో భర్తో ఆ వయసు పిల్లలో చనిపోయినా, విడాకులైనా పాత మినహాయింపు ఇస్తరు. ఆ లిస్టుల అమ్మానాయిన లేరు. మనోళ్లు వాపస్ వచ్చేదే ఎక్కువగ వాళ్ల కోసం. ఆ చట్టం రాసినోళ్ల లెక్కల కుటుంబమంటే మొగడు, పెండ్లాం, పిల్లలు. మన లెక్కల మంచం మీద ఉన్న నాయిన కూడ కుటుంబమే. ఆ తేడా ఖరీదు 40 లక్షలు.

వేరే దేశాలు ఎట్ల చేస్తున్నయి? అమెరికాల విదేశీయుల ఆస్తి అమ్మకాల మీద చట్టం 1980 నుంచే ఉన్నది, 2016 ఫిబ్రవరి నుంచి మామూలు కోత ధరల 15 శాతం. కానీ చివరి ఐదేండ్లల్ల రెండేండ్లు ఆ ఇంట్ల సొంతంగ ఉండి ఉంటే, రెండున్నర లక్షల డాలర్ల లాభం దాకా మినహాయింపు దొరుకుతది, దేశం విడిచి వచ్చినోనికి కూడ. అంటే టెక్సాస్‌ల ఇల్లు పెట్టి వరంగల్ వచ్చినోనికి అమ్ముకోవడానికి మూడేండ్ల దాకా మోక ఉంటది. బ్రిటన్ 2015 ఏప్రిల్ 6 నుంచి బయట ఉండేటోళ్ల ఇండ్ల అమ్మకాల మీద పన్ను మొదలుపెట్టింది. అయితే ఆ తేదీకి ముందు పెరిగిన ధరను మామూలుగ లెక్కకు తీసుకోదు. అమ్మినంక 60 రోజుల్ల లెక్క అప్పజెప్పాలె అన్న షరతు పెట్టింది. వాళ్లు కూడ కోస్తున్నరు, వసూలు చేస్తున్నరు. కానీ ఎనకటి ఏండ్లను మింగుతలేరు.

మరి ఆస్ట్రేలియాల ఎందుకు సాగింది? నాకు సమజైన కారణం సీదా. వెళ్లిపోయినోని మాట పార్లమెంటుల ఎత్తేటోడు ఉండడు. ఎలక్షన్ల ఇల్లు లేని యువకుని కోపం ఒక దిక్కు, దేశంల లేని మనిషి నష్టం ఒక దిక్కు ఉంటే, ఏ లీడర్ ఎటు మొగ్గుతడో చెప్పాల్నా?

మన దగ్గర తక్కువ తిన్నమా?

ఆస్ట్రేలియాను అని ఊకుంటే సగం ముచ్చటే అయితది. మన దేశం తన ఎన్నారైలతోని ఏం చేస్తున్నదో చూడుండ్రి.

2024 జూలై 23న కేంద్ర బడ్జెట్‌ల ఆస్తి అమ్మకం పన్ను మార్చిండ్రు. అప్పటిదాకా రెండేండ్లకు మించి ఉంచుకున్న ఇల్లు, ప్లాటు అమ్మితే లాభం మీద 20 శాతం. కానీ కొన్న ధరను ద్రవ్యోల్బణం లెక్కన పెంచి చూసేది, దాన్నే ఇండెక్సేషన్ అంటరు. కొత్త లెక్కల 12.5 శాతం, ఇండెక్సేషన్ లేదు. దేశమంత లొల్లి అయింది. పక్షం రోజులకే కేంద్రం ఒక మెట్టు దిగి, 2024 జూలై 23కు ముందు కొన్న ఆస్తులకు పాత లెక్క, కొత్త లెక్క రెండిట్ల ఏది తక్కువైతే అది కట్టొచ్చన్నది. ఎవలకు? దేశంల ఉండే వ్యక్తులకు, హిందూ ఉమ్మడి కుటుంబాలకు. ఎన్నారైలకు లేదు.

దీన్ని ఒక ఇంట్ల పెట్టి చూద్దాం. ఇద్దరు అన్నదమ్ములు 2005-06ల కలిసి 10 లక్షలకు ఒక ప్లాటు కొన్నరు, చెరి 5 లక్షలు. 2025-26ల 40 లక్షలకు అమ్మిండ్రు, చెరి 20 లక్షలు. అన్న ఊళ్లె, తమ్ముడు మెల్‌బోర్న్‌ల. ఇండెక్స్ 2005-06ల 117, 2025-26ల 376. అన్న పాత లెక్క ఎంచుకుంటే ఆయన 5 లక్షల ఖర్చు 16 లక్షల పైచిలుకు అయితది, లాభం 3 లక్షల 93 వేలు, పన్ను దాదాపు 78,600. తమ్మునికి ఆ మోక లేదు. 15 లక్షల మీద 12.5 శాతం, 1,87,500. సెస్సు వేరే.

ఒక్కటే ప్లాటు, ఒక్కటే రోజు రిజిస్ట్రేషన్, ఒక్కటే ధర. తమ్ముడు అన్నకంటె రెండింతలకు మించి కట్టాలె. ధర మస్తు పెరిగిన కాడ 12.5 శాతమే లాభమన్న మాట నిజమే. కానీ ఎంచుకునే హక్కు అన్నకు ఇచ్చి తమ్మునికి ఇయ్యకపోవుడుకు నాకైతే ఏ న్యాయం కనిపిస్తలేదు. డాలర్లు పంపినప్పుడు ‘దేశానికి వెన్నెముక’ అని మోస్తరు, ప్లాటు అమ్మినప్పుడు వేరే బంతిల కూసోబెడ్తరు.

ఊళ్లె ఉన్న మీకు ఇది ఎట్ల తగులుతది

ఇప్పుడు అసలు సంగతి. ఇది చదివే మీల శానామంది అమ్మేటోళ్లు కాదు, కొనేటోళ్లు. లేదంటే అమెరికాల, ఆస్ట్రేలియాల ఉన్న అన్న తరఫున ఈడ సంతకాలు పెట్టేటోళ్లు.

ఊళ్లె ఉండేటోని దగ్గర 50 లక్షలు, ఆపై ఆస్తి కొంటే 1 శాతం టీడీఎస్ కోయాలె, అంతకు తక్కువైతే లేదు. ఇది దాదాపు అందరికీ ఎరుకే. కానీ అమ్మేటోడు ఎన్నారై అయితే 50 లక్షల హద్దు వర్తించదు. రెండేండ్లు దాటిన ఆస్తికి 12.5 శాతం, దాని మీద సెస్సు, పెద్ద మొత్తాలకు సర్‌ఛార్జి. ఇన్‌కంట్యాక్స్ ఆఫీసు నుంచి తక్కువ కోతకు సర్టిఫికెట్ తెచ్చుకోకుంటే, ఆచరణల ఇది మొత్తం ధర మీదనే కోస్తరు. పైన చెప్పిన తమ్ముని 20 లక్షల వాటాకు సెస్సుతో 2 లక్షల 60 వేలు. అన్న వాటాకు సున్న.

‘మనోడే గదా, చిన్నప్పటి సంది ఎరుకే గదా’ అని కోయకుండ పైసలిస్తే, రేపు నోటీసు వచ్చేది కొన్నోనికే. కోయని మొత్తం వడ్డీతోని కొన్నోడే కట్టాలె. అమ్మినోడు ఆడ ఉంటడు, ఆఫీసోళ్లకు దొరికేది మీరు. జీపీఏ మీద తమ్ముడో బామ్మర్దో సంతకం పెట్టినా, ఓనర్ ఎన్నారై అయితే అది ఎన్నారై అమ్మకమే. కాబట్టి బయానా ఇచ్చేముందే అడగుండ్రి: ‘అన్నా, ఈ ఏడాది పన్ను లెక్కల నువ్వు ఇండియా నివాసివా, కాదా?’ జవాబు నోటితోని కాదు, కాయితం మీద తీసుకోండ్రి.

వ్యవసాయ భూమి ముచ్చట ఇంకో తీరు. ఎన్నారైలు ఈడ వ్యవసాయ భూమి కొనొద్దు. తాతల నాటిది వస్తే ఉంచుకోవచ్చు, అమ్మితే దేశంల ఉండేటోనికే అమ్మాలె. ఊరి పొలం అమ్మితే మన దేశంల లాభం మీద పన్ను లేదు. కానీ ‘ఊరి పొలం’ అనడానికి హద్దులున్నయి. పక్క మున్సిపాలిటీ జనాభా 10 వేలు దాటి లక్ష దాకా ఉంటే దాని హద్దు నుంచి 2 కిలోమీటర్లు, 10 లక్షల దాకా ఉంటే 6, అంతకు మించితే 8 కిలోమీటర్ల అవతల ఉండాలె. సూటి దూరం లెక్క, రోడ్డు దూరం కాదు. మున్సిపాలిటీలు పెరుగుకుంట పోతున్నయి గనుక, నిన్న ఊరి పొలం ఇయ్యాల పట్నం భూమి కావచ్చు.

ఇండ్ల కూడ ఒక మెలిక ఉన్నది. ఆస్ట్రేలియాల పీఆర్ ఉండి అక్కడ పన్ను నివాసి అయినోడు, ప్రపంచంల ఎక్కడ ఆస్తి అమ్మినా అక్కడ చూపెట్టాలె. ఈడ సున్న పన్ను ఉన్న మన ఊరి పొలం మీద ఆడ పన్ను పడుతది. టెంపరరీ వీసా మీద ఉన్నోళ్లకు మామూలుగ ఈ తిప్పలు లేదు. పీఆర్ వచ్చేనాటికే భూమి తన పేరు మీద ఉంటే, కొన్న ధరకు బదులు అప్పటి మార్కెట్ ధరనే మొదలు లెక్కగ తీసుకుంటరు. కాబట్టి పీఆర్ వచ్చిన నెలల్నే ఆ భూమికి ధర మదింపు కాయితం చేయించి పెట్టుకొమ్మని మీ అన్నకు, అక్కకు చెప్పుండ్రి. పదేండ్లయినంక ఆ ధర రుజువు చేయాలంటె చుక్కలు కనపడ్తయి.

ఏం చేయాలె, ఏం అడగాలె

ఆస్ట్రేలియా నుంచి వాపస్ రావాలనుకునేటోళ్లు టికెట్ కంటె ముందు ఇల్లు ఆలోచించాలె. అమ్మేదుంటే ఆడ ఉండంగనే అగ్రిమెంటు మీద సంతకం చేయాలె, క్లియరెన్స్ సర్టిఫికెట్‌కు ఇల్లు అమ్మకానికి పెట్టిన రోజే అప్లై చేయాలె. వచ్చేసి ఉంటే తొందరపడి ఈడి నుంచి అమ్మకుండ్రి. నిజంగ మళ్లా పోయి నివాసిగ ఉండే ఆలోచన ఉంటే, అప్పుడు అమ్మితే మినహాయింపు మళ్లా దొరికే తొవ్వ ఉన్నది. అసలు పన్ను తక్కువ వచ్చేటట్టుంటే, కోత తగ్గించమని ముందే దరఖాస్తు పెట్టుకునే వీలు ఆడ కూడ ఉన్నది, ఈడ కూడ ఉన్నది. రెండు దేశాల లెక్కలు తెలిసిన ఆడిటర్‌కు ఇచ్చే ఫీజు, ఈ నష్టం ముంగట ఏపాటిది?

ఇవి మనం చేసుకునే జాగ్రత్తలు. కానీ జాగ్రత్తతోని చట్టం మారదు. ఆస్ట్రేలియాల ఓటున్న తెలుగోళ్లు తమ ఎంపీని ఒక్క మాట అడగాలె: తగ్గింపుకు ఏండ్ల లెక్క కట్టినట్టే, సొంతింటి మినహాయింపుకు కూడ ఎందుకు కట్టరు? ఆ లిస్టుల అమ్మానాయిన పేరు ఎందుకు లేదు? ఈడ ఓటున్న మనం మన ఎంపీని అడగాలె: ఒక్క ప్లాటుకు అన్నకు ఒక లెక్క, తమ్మునికి ఒక లెక్క ఎట్లైతది? ఎన్నారైల పైసలతోని గుడులు, బడులు, ఊరి కమాన్లు కట్టించుకొని ఫొటోలు దిగే లీడర్లకు, ఈ సవాల్ అడిగే బాధ్యత కూడ ఉన్నది.

పొట్ట చేతపట్టుకొని పోయినోడు పన్ను ఎగ్గొడ్తానంటలేడు. ఉన్నన్ని రోజులకు ఉన్నంత, లేనన్ని రోజులకు లేనంత తీసుకొమ్మంటున్నడు. గంత సీదా లెక్కను రెండు దేశాల పార్లమెంట్లు చేయలేనియి కావు. అడిగేటోళ్లు లేక చేస్తలేవు.